టపా పెట్టెలు నిండిన చోటు

విజయవాడ ఆర్.ఎం.ఎస్.లో, అంటే రైళ్లలో టపా నడిపే రైల్వే మెయిల్ సర్వీసులో, ముప్పై నాలుగేళ్లు ఉత్తరాలు ఊళ్లవారీగా వేరుచేసే సార్టరుగా పని చేసినవాణ్ణి. ఏ ఊరు వెళ్లినా గుడికన్నా ముందు రైల్వే స్టేషన్ చూడాలనిపిస్తుంది. అందుకే ఇటలీలోని మిలాన్‌లో ఉంటున్న మా అమ్మాయి దగ్గర్లోని బెర్గామో ఊరు తీసుకువెళ్తానన్నప్పుడు, రెండు గంటలు ముందే సెంట్రల్ స్టేషన్‌కు వెళ్దామన్నాను.

1931లో, నియంత ముసోలినీ ఏలుబడిలో ప్రారంభమైన స్టేషన్ అది. ముఖద్వారం మీద రెక్కల గుర్రాలు, లోపల ఆకాశం అంత ఎత్తు కప్పులు. ప్రయాణికుడు తాను చీమనని తెలుసుకోవాలనే కట్టినట్టుంది. రైళ్లు వీధి మట్టానికి చాలా ఎత్తున ఆగుతాయి. ఎంతమంది మెట్లూ ఎస్కలేటర్లూ ఎక్కి పైకి పోతున్నారో చూస్తూ, పాత అలవాటు కొద్దీ అడిగాను. "మరి టపా ఎటునుంచి ఎక్కించేవాళ్లమ్మా?"

అమ్మాయి కాసేపు మాట్లాడలేదు. "చూపిస్తాను నాన్నా. కానీ అక్కడ మీరు అనుకున్నది ఉండదు" అంది.

స్టేషన్ పక్క వీధిలోకి దిగి, దాని పొట్ట కిందికి వెళ్లాం. పేరు షోవా స్మారకం. షోవా అంటే నాజీల కాలంలో జరిగిన యూదుల ఊచకోత. ఊళ్లో అందరూ బినారియో 21, అంటే 21వ నంబరు పట్టాలు, అంటారు. 2013లో తెరిచారు. లోపల అడుగు పెట్టగానే ఎదురుగా గోడంత పొడవున ఒకే ఒక్క మాట: ఇండిఫరెన్‌జా. నిఘంటువులో చూస్తే ఉదాసీనత అనే ఉంటుంది. నాకైతే "మనకెందుకులే" అన్నదే సరిపోతుందనిపించింది. ఆ మాట రాయించమని కోరింది లిలియానా సెగ్రే. ఇక్కడినుంచి పంపేసిన పిల్లల్లో ఒకరు.

నేనడిగిన ప్రశ్నకు జవాబు ఆ లోపలి హాల్లో దొరికింది. టపా మోసే రైలు పెట్టెలను, అంటే బోగీలను, ఈ కింది మట్టంలోనే, జనం కళ్లబడకుండా నింపేవారు. నిండిన పెట్టెను పక్కకు జరిపి, పెద్ద లిఫ్టు మీదికి తోసి, పెట్టెను పెట్టెగానే పైకి ఎత్తేవారు. పైన దాన్ని రైలుకు తగిలిస్తే పని అయిపోయినట్టే. నేను ఆ యంత్రాన్ని చూసి ముందు మెచ్చుకున్నాననే ఒప్పుకోవాలి. మేము చలికాలం రాత్రుళ్లు సంచులు భుజాన మోసుకుంటూ పరుగెత్తేవాళ్లం. ఇంత చక్కటి ఏర్పాటు మాకెందుకు లేదు అనుకున్నాను. ఆ మెప్పు నాలో అర నిమిషం కూడా నిలవలేదు.

1943 డిసెంబరు 6 తెల్లవారకముందు, శాన్ విత్తోరే జైలునుంచి లారీల్లో తెచ్చిన 169 మంది యూదులను ఈ పెట్టెల్లోకి ఎక్కించారు. 1944 జనవరి 30న మరో 605 మందిని. వెళ్లింది పోలండులో నాజీలు నడిపిన హత్యా శిబిరం ఆష్విట్జ్‌కు. మొదటి బండిలోంచి ఐదుగురు, రెండో బండిలోంచి ఇరవై ఇద్దరు తిరిగి వచ్చారు. ఆ 774 పేర్లూ ఒక గోడ మీద ఉన్నాయి. ఒకే ఇంటిపేరు వరుసగా నాలుగైదు సార్లు వస్తుంటే, ఆ ఇంట్లో ఎవరు ఎవరికి ఏమవుతారో నాకు నేనే వరసలు కలుపుకుంటూ నిలబడిపోయాను.

పట్టాల మీద ఆ కాలపు కొయ్య పెట్టెలు నాలుగు ఉన్నాయి. ఒకదాంట్లోకి ఎక్కాను. కిటికీ అనదగింది లేదు. మేము వాడిన మెయిల్ వ్యానులో కనీసం దీపాలుండేవి, అరలుండేవి, ఫ్యానుండేది. నేలమీద ప్రతి బండికీ తేదీ, చేరిన చోటు చెక్కారు. ఆ అక్షరాలు ఇప్పుడు మనం చదువుతున్నాం. ఎక్కినవాళ్లకు మాత్రం ఎక్కడికి పోతున్నామో తెలియదు. మా దగ్గర పది పోస్టుకార్డులున్న సంచికి కూడా ఫలానా ఊరికి అని చీటీ కట్టి, లక్క ముద్ర వేసేవాళ్లం.

"ఇదంతా జర్మన్ల పని కదా?" అని అడిగాను. నేనూ అంతే తెలుసుకుని వచ్చాను మరి.

అమ్మాయి తల అడ్డంగా ఊపింది. ముసోలినీ పాలన మొదలైంది 1922లో. ఇటలీ యూదులు సుమారు 47 వేలు, దేశ జనంలో వెయ్యికి ఒక్కరు. వాళ్లలో ఫాసిస్టు పార్టీ సభ్యులూ ఉండేవారు. ముసోలినీకి అతి దగ్గరగా మెలిగి, అతని జీవితచరిత్ర రాసిన మార్గెరిటా సర్ఫత్తి యూదు ఇంటి ఆడపడుచే. 1938 ఆగస్టులో యూదుల లెక్క తీశారు. లెక్కే కదా అని జనం ఇంటి చిరునామాలు ఉన్నవి ఉన్నట్టే చెప్పారు. మరుసటి నెలలోనే యూదు పిల్లలనూ పంతుళ్లనూ బడులనుంచి వెళ్లగొట్టారు. తర్వాత ఉద్యోగాలు, పెళ్లిళ్లు, ఆస్తులు ఒక్కొక్కటిగా చట్టం పరిధిలోకి వచ్చాయి. లిలియానా బడి మానింది ఎనిమిదేళ్లకు. అప్పటికి ఇటలీలో జర్మన్ సైన్యం లేదు. అది ఆక్రమించుకున్నది 1943 సెప్టెంబరులో, ఇటలీ యుద్ధవిరామం ప్రకటించాక. ఆ ఏడాది నవంబరు 30న యూదులందరినీ పట్టుకోమని ఉత్తర్వు ఇచ్చింది జర్మన్ల అండతో ఏర్పడిన ముసోలినీ కొత్త ప్రభుత్వపు హోంశాఖ. పట్టుకున్నవాళ్లలో ఇటలీ పోలీసులూ ఉన్నారు, పాత జాబితాలు చేతిలోనే ఉన్నాయి.

చిరునామా సరిగ్గా ఉంటే చాలు, ఉత్తరం దానంతట అదే చేరుతుంది అని మా హెడ్ సార్టరు అనేవారు. ఆ మాట ఇన్నేళ్లూ నాకు ఎంతో ఇష్టంగా ఉండేది.

లిలియానా, తండ్రి అల్బెర్తో స్విట్జర్లాండులోకి దాటబోతే అక్కడి అధికారులు వెనక్కి పంపేశారు. సరిహద్దులో అరెస్టయ్యారు. జైలునుంచి బయటికి నడిపిస్తుంటే, తోటి ఖైదీలు, దొంగలూ హంతకులూ, పైనుంచి కమలాపండ్లూ కండువాలూ విసిరి ధైర్యం చెప్పారని ఆవిడ తర్వాత పదేపదే చెప్పారు. ఊళ్లో తలుపులు తెరిచి చూసినవాళ్లు లేరట. ఆష్విట్జ్ చేరేసరికి ఫిబ్రవరి 6. పదమూడేళ్ల పిల్ల తండ్రి చేయి వదలవలసి వచ్చింది. ఆయన మళ్లీ కనిపించలేదు. 2018లో ఇటలీ ఆవిడను జీవితకాల సెనేటరుగా చేసింది.

తలమీద ఏదో దడదడలాడింది. కప్పు, నేల, నా చేయి ఆనించిన గోడ, అన్నీ వణికాయి. పైన రైలు వెళ్తోంది. ఈ స్మారకంలో నాకు అన్నిటికన్నా గుర్తుండేది ఆ వణుకే. 1944లోనూ పైన ఇలాగే రైళ్లు వెళ్లి ఉంటాయి, టీ కాఫీలు తాగుతూ జనం వెళ్లి ఉంటారు.

బయటకు వస్తుంటే అమ్మాయి మరొకటి చెప్పింది. 2015లో ఆఫ్రికానుంచీ సిరియానుంచీ వచ్చిన శరణార్థులకు ఈ స్మారకంలోనే రాత్రుళ్లు పడకలు వేశారట. గోడ మీద ఆ మాట రాయించినవాళ్లు తలుపు వేసుకుని కూర్చోలేరు కదా అంది. నాకది నచ్చింది.

పైకి వచ్చి బెర్గామో బండి కోసం వెతుక్కున్నాం. టపా లిఫ్టు తేలే చోటు 18, 19 ప్లాట్‌ఫారాల నడుమ, పైకప్పు అయిపోయాక, బయట ఉంటుందని చదివాను. బండి కదిలాక కిటికీకి ముఖం ఆనించి చూశాను. రాళ్లు, పట్టాలు, గడ్డి మొలకలు కొన్ని. ఎదురు సీటులో కుర్రవాడు బ్రెడ్డు తింటూ, నేనేం చూస్తున్నానో తెలియక, తనూ అటే చూశాడు.