ఆకు అడుగున నలుసంత పురుగు: ఫోటోలో ఏం కనపడాలి, ఎట్లా తీయాలి

తిరుపతి మిద్దె తోటల వాట్సాప్ గ్రూపుల్లో రోజూ వచ్చే ఫోటో ఒకటుంది. వంగ ఆకు, దాని మీద మసక మసకగా నాలుగు చుక్కలు, కింద "ఇదేం పురుగు, ఏం మందు కొట్టాలి?" అని ప్రశ్న. ఆ చుక్కలు పేనుబంక కావచ్చు, తామర పురుగు కావచ్చు, ఎర్రనల్లి కావచ్చు. నల్లికి ఎనిమిది కాళ్లు, అది అసలు పురుగుల జాతే కాదు. పురుగు అనుకుని సింథటిక్ పైరెత్రాయిడ్ రకం పురుగుమందు కొడితే నల్లిని తినే మిత్ర కీటకాలు చచ్చి, నల్లి ఇంకా పెరుగుతుంది. అందుకే ఫోటో అందంగా లేకపోయినా ఫర్వాలేదు, కాళ్లు లెక్కపెట్టేటట్టు ఉండాలి.

దానికి ఎంత దగ్గరగా తీయాలో చిన్న లెక్కతో తేలిపోతుంది. 24 మెగాపిక్సెల్ ఏపీఎస్-సీ (మధ్యరకం సైజు సెన్సర్ ఉన్న) కెమెరాలో ఫోటో అడ్డం 6000 పిక్సెళ్లు, బొమ్మను పట్టే సెన్సర్ వెడల్పు సుమారు 23.5 మి.మీ. మాక్రో లెన్సుతో ఒకటికి ఒకటి, అంటే సెన్సర్ మీద పురుగు అసలు సైజులోనే పడేటట్టు తీస్తే ఒక్కో మిల్లీమీటరుకు 255 పిక్సెళ్లు దక్కుతాయి. మిల్లీమీటరు పొడవుండే తామర పురుగుకు అది సరిపోతుంది. అర మిల్లీమీటరు నల్లికి వచ్చేది 130 పిక్సెళ్లే, కాళ్లు లీలగా తెలుస్తాయి. రెండింతలు, మూడింతలు కావాలంటే ఖరీదైన లెన్సు అక్కర్లేదు. కెమెరాతో వచ్చిన 18-55 ఎంఎం లెన్సును రివర్స్ రింగుతో ముందు వెనకగా తిప్పి బిగించి, 18 దగ్గర పెడితే చాలు. తిప్పిన డీఎస్ఎల్ఆర్ లెన్సుకూ పురుగుకూ మధ్య నాలుగైదు సెంటీమీటర్లే ఉంటుంది. ఆటోఫోకస్ పనిచేయదు. లెన్సు వెనక అద్దం బయటికి వస్తుంది కాబట్టి దుమ్ము, ఆకు తడి తగలకుండా చూసుకోవాలి. అపర్చర్ (వెలుతురు వచ్చే రంధ్రం) రింగున్న పాత మాన్యువల్ 50 ఎంఎం లెన్సు దొరికితే పని ఇంకా సుళువు, కాకపోతే పెద్దగా చూపించేది తక్కువ.

ఫోన్ అయితే క్లిప్ లెన్సు మెయిన్ కెమెరా మీదే పెట్టాలి. కొన్ని ఫోన్లు దగ్గరికి పోగానే వాటంతటవే అల్ట్రావైడ్‌కు మారిపోతాయి, ఆ ఆటో మాక్రోను ముందే ఆపేయండి. ఫోకస్ లాక్ చేసి, ఫోన్‌నే మెల్లగా ముందుకూ వెనక్కీ జరపాలి.

లెన్సు కంటే ముందు డబ్బు పెట్టాల్సింది వెలుతురు మీద. మన ఎండలో పొద్దున ఎనిమిది దాటితే అక్షింతల పురుగు వీపు మీద, పొలుసు పురుగు పెంకు మీద తెల్లటి మచ్చలు పడి, అసలు రంగు తెలియదు. నేరుగా ఫ్లాష్ కొట్టినా అంతే. ఎలక్ట్రానిక్ సామాన్ల డబ్బాల్లో వచ్చే పల్చటి తెల్ల ఫోమ్ షీటును లెన్సు ముందుకు వంగేటట్టు ఫ్లాష్‌కు కట్టండి. అది ఎంత వెడల్పుగా, పురుగుకు ఎంత దగ్గరగా ఉంటే వెలుతురు అంత మెత్తగా పడుతుంది. ఐఎస్ఓ 200, షట్టర్ 1/200, అపర్చర్ ఎఫ్/8, ఫ్లాష్ మాన్యువల్‌లో 1/8 లేదా 1/16 పెట్టి మొదలుపెట్టండి. ఫ్లాష్ పవర్ తగ్గేకొద్దీ అది వెలిగే సమయమూ తగ్గుతుంది, అందువల్ల గాలికి ఆకు కాస్త ఊగినా బొమ్మ చెదరదు.

ఎఫ్/22కు పోతే అంతా ఫోకస్‌లోకి వస్తుందనుకోవద్దు. ఒకటికి ఒకటి దగ్గర ఎఫ్/11 అంటేనే పనిలో ఎఫ్/22 కింద లెక్క, ఆపైన డిఫ్రాక్షన్ (చిన్న రంధ్రంలో వెలుతురు చెదరడం) వల్ల బొమ్మంతా మసకబడుతుంది. ఎఫ్/8 దగ్గర ఫోకస్ అందే లోతు ముప్పాతిక మిల్లీమీటరు కూడా ఉండదు. కాబట్టి చూపించాల్సిన భాగం సెన్సర్‌కు సమాంతరంగా ఉండాలి. పేనుబంకను పక్కనుంచి తీయాలి, వెనక భాగంలో రెండు చిన్న గొట్టాలు కనపడితే ఇక అనుమానం లేదు. తెల్లదోమకూ పచ్చదోమకూ పైనుంచి తీస్తే రెక్కల తీరు తెలుస్తుంది. పది, ఇరవై ఫోటోలు కలిపే ఫోకస్ స్టాకింగ్ పొలుసు పురుగుకో, గుడ్లకో పనికొస్తుంది. మీసాలు ఆడించే పురుగుకు చేస్తే పది మీసాలు వస్తాయి.

దగ్గరగా తీస్తేనే బయటపడే మోసాలు కొన్నున్నాయి. మందారం కొమ్మ మీద పిండినల్లి గుంపులో ఒకటి మాత్రం మిగతావాటికంటే రెండు మూడింతలు పెద్దగా, పొడుగాటి మైనపు పోగులతో, చురుగ్గా నడుస్తుంటే ఆగి ఫోటో తీయండి. అది క్రిప్టోలీమస్ అనే అక్షింతల పురుగు పిల్ల కావచ్చు, పిండినల్లిని తినేది అదే. పైనుంచి తీసిన ఫోటోలో రెండూ తెల్లటి దూది ముద్దలే. పక్కనుంచి తీస్తే పిల్లపురుగు కాళ్లు పొడుగ్గా, నడకకు తగ్గట్టు కనపడతాయి. అట్లాగే చిక్కుడు తీగ మీద తెల్లటి పొట్టు చూసి తెల్లదోమ అనుకుంటారు. జూమ్ చేస్తే లోపల ఏమీ ఉండదు, అది పేనుబంక విడిచిన కుబుసం. ఆ పక్కనే ఉబ్బి, గోధుమరంగుకు తిరిగి, కదలకుండా ఉన్న పేనుబంక, దాని వీపు మీద గుండ్రటి కంత కనపడితే పరాన్నజీవి కందిరీగ పని ముగించుకుని పోయినట్టు. అటువంటివి ఎక్కువగా ఉన్న కొమ్మకు మందు అక్కర్లేదు.

చిత్తూరు మామిడి తోటల్లో తేనెమంచు పురుగును పూత మీద తీయడం కష్టం, గెల ఊగుతుంది, నీడ పడితే చాలు పురుగు చిటుక్కున ఎగిరిపోతుంది. పూత లేని కాలంలో మాను బెరడు సందుల్లో దాక్కుని ఉంటుంది. ట్రైపాడ్ పెట్టి, ఎండకు ఎదురుగా కాకుండా పక్కనుంచి, అక్కడ తీయడమే మేలు.

తామర పురుగుకు, నల్లికి ఇంకో దారి ఉంది. పువ్వునో కొమ్మనో తెల్ల కాగితం మీద దులిపి, కాగితం మీదే తీయండి. ఫ్లాష్ లేకుండా తీసేటప్పుడు కెమెరా తెలుపును బూడిదరంగు చేస్తుంది కాబట్టి ఎక్స్‌పోజర్ +1 పెంచాలి. మామూలు కాగితం బదులు మిల్లీమీటరు గీతల గ్రాఫ్ పేపర్ వాడితే పురుగు సైజు కూడా ఫోటోలోనే వచ్చేస్తుంది.

కృషి విజ్ఞాన కేంద్రానికో, వ్యవసాయ సహాయకులకో పంపేటప్పుడు మొక్క మొత్తం ఒకటి, ఆకు పైన ఒకటి, అడుగున ఒకటి, దగ్గరి ఫోటో ఒకటి పంపండి. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో కుదించుకుపోయి, కష్టపడి పట్టిన కాళ్లు మాయమవుతాయి. డాక్యుమెంట్‌గా జతచేసి పంపాలి.