రెప్ప కలిసే గీత

నేత్రదానం గురించి కోనసీమ ఊళ్ళలో మాట్లాడేటప్పుడు 1994 నాటి అవయవ మార్పిడి చట్టం సంగతి అడిగేవారు అరుదు. ఎక్కువమంది గొంతు తగ్గించి అడిగేది, కళ్ళు తీశాక మొహం ఎలా ఉంటుందని. నేత్రనిధిలో టెక్నీషియన్‌గా పనిచేసే నాకు అది ఎంతో న్యాయమైన ప్రశ్న అనిపిస్తుంది. చుట్టాలందరూ కడసారి చూసేది ఆ మొహాన్నే.

మొన్నటి వర్షాల్లో అమలాపురం దగ్గర ఒక ఊళ్ళో చనిపోయిన పెద్దాయన ఇంటికి కాలవగట్టు మీదుగా వెళ్ళాము. కార్నియాను, అంటే నల్లగుడ్డు మీద ఉండే పారదర్శకమైన పొరను, ప్రాణం పోయిన ఆరు గంటల లోపల సేకరించాలి. అప్పటికే నాలుగు గడిచాయి. ఫోనులో చెప్పినట్టే ఇంటివారు ఫ్యాను ఆపి, తల కింద దిండు పెట్టి, మూసిన రెప్పల మీద తడి దూది ఉంచారు. రెప్పలు అరమూతగా ఉండిపోతే తెల్లగుడ్డు ఆరిపోయి గోధుమరంగు చార పడుతుంది కనుక, ఆ దూది చూపునూ రూపునూ కూడా కాపాడుతుంది.

"గుంటలు పడిపోవు కదా బాబూ?" అని ఆయన భార్య అడిగారు.

"పడవండి మామ్మగారూ, మీరే చూద్దురుగాని," అన్నాను.

ఇప్పుడు చాలావరకు కార్నియాను మాత్రమే తీస్తారు. గుడ్డు లోపలే ఉన్నా మెత్తబడి చదునవుతుంది కనుక, దాని మీద కుంభాకారపు పలుచని ప్లాస్టిక్ గుల్ల పెడతాము. గుడ్డు మొత్తం తీసినప్పుడైతే ముందు దూదితో గూడు నింపాలి. దూది ఎక్కువైతే కన్ను ఉబ్బుతుంది. పెద్దవయసువారి కళ్ళకు సహజంగా ఉండే లోతును చెరపడం కూడా తప్పే. అసలు పనితనం రెప్పలు కలపడంలో ఉంది. నిద్రలో పైరెప్పే ఎక్కువగా కిందికి దిగుతుంది కాబట్టి, రెండూ కలిసే గీత కంటికి నడిమధ్యన కాక కింది మూడోవంతు దగ్గర ఉండాలి. నడుమ కలిపితే ఆ మనిషి కళ్ళు బిగించుకున్నట్టు కనిపిస్తారు. కొత్తలో నేనూ అలాగే కలిపేవాణ్ణి. అంచులు ఒకదాన్నొకటి తాకితే చాలు, లోపలికి ముడుచుకోకూడదు.

గోడమీది ఫోటోలో ఆయన ఎడమరెప్ప కాస్త వాలి ఉంది. ఆ వాలును అలాగే ఉంచాను. మామ్మగారు వంగి చాలాసేపు చూశారు, ఏమీ అనలేదు. స్నానం చేయించేటప్పుడు రెప్పలు రుద్దవద్దని పెద్దబ్బాయిగారితో చెప్పాను. నీళ్ళు పోస్తున్నంతసేపూ ఆయన తండ్రి కళ్ళకు అరచెయ్యి అడ్డం పెట్టి ఉంచారు.