నా అనుభవం: ముందు ఏ ఫోల్డరు కావాలని అడిగిన రోజు

నిన్న సాయంత్రం 37,760 రూపాయలు కట్టి, పాడైన డిస్కులోంచి నా పాత ఫొటోలలో మిగిలినవాటిని ఒక కొత్త హార్డ్ డిస్కులో వేయించుకుని చెన్నై వేళచ్చేరిలోని మా ఇంటికి తెచ్చుకున్నాను. ఇందులో 32,000 రూపాయలు పనికి, 5,760 రూపాయలు జీఎస్టీకి. ఆ డబ్బుతో పక్షుల ఫొటోలకు పనికొచ్చే సెకండ్‌హ్యాండ్ లెన్సు ఏది వచ్చేదో రాత్రి నిద్ర పట్టేదాకా లెక్క వేసుకున్నాను కాబట్టి, ఆ మంట చల్లారకముందే ఇది రాస్తున్నాను.

పదకొండేళ్లుగా సెలవురోజుల్లో ఫొటోలు తీస్తున్నాను. పళ్లికరణై చిత్తడి నేల ఇంటికి దగ్గరే కాబట్టి అక్కడికి తెల్లవారుజామున వెళ్లి వస్తాను; చలికాలంలో పక్షుల కోసం వేడంతాంగళ్‌కు, లోకల్ రైలులో సూళ్లూరుపేట దిగి నేలపట్టుకు, పులికాట్‌కు వెళ్తాను. ఇంట్లో జరిగే ప్రతి వేడుకకూ కెమెరా నాదే. ఇదంతా కలిపి సుమారు 1.4 టీబీ, ఒకే ఒక 2 టీబీ పోర్టబుల్ డిస్కులో ఉండేది. ఆ డిస్కు మీద నా చేతులతో నేనే ‘బ్యాకప్’ అని చీటీ అంటించాను. నిజానికి లాప్‌టాప్ నిండినప్పుడల్లా అందులోవి కట్ చేసి దీనిలో పేస్ట్ చేశానే తప్ప, రెండో ప్రతి ఎక్కడా ఉంచలేదు. అసలే ఒక్కటున్న చోట బ్యాకప్ అన్న చీటీ ఎవరిని మోసం చేయడానికో ఇప్పటికీ నాకు బోధపడలేదు.

డిస్కు నడుస్తుండగా దాని తీగ నా కాలికి తగిలి, రెండున్నర అడుగుల ఎత్తు బల్ల మీద నుంచి మొజాయిక్ నేల మీద పడింది. ఇలాంటి డిస్కులో పళ్లెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతూ ఉంటే, చదివే హెడ్డు దానికి కొన్ని నానోమీటర్ల ఎత్తులో తేలుతూ ఉంటుంది. తిరుగుతున్నప్పుడు పడితే రెండూ ఒకదానికొకటి తగులుతాయి. మళ్లీ పెట్టి చూస్తే గోడ మీద బల్లి పలికినట్టు టిక్, టిక్, టిక్ అన్న చప్పుడు తప్ప మరేమీ లేదు. ఆ చప్పుడు విన్న క్షణమే తీగ పీకి పక్కన పెట్టవలసింది. నేను మాత్రం తీగ మార్చి, లాప్‌టాప్ మార్చి, కనీసం ఎనిమిది సార్లు పెట్టి చూశాను. ఒకసారి డిస్కును ఫార్మాట్ చేయమంటావా అని విండోస్ అడిగితే వద్దని నొక్కడం ఒక్కటే ఆ పూట నేను చేసిన తెలివైన పని.

ఆఫీసు మిత్రుడొకడు డిస్కును ప్లాస్టిక్ సంచిలో చుట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో పెట్టమన్నాడు. చెన్నై గాలిలో చల్లని సీసా బయటపెడితే నిమిషంలో చెమటలు పడుతుంది. ఆ చెమటే డిస్కు లోపలి పళ్లెం మీద పడితే ఏమవుతుందో ఆయన ఆలోచించలేదు. ఆ సలహా విననందుకు నన్ను నేను మెచ్చుకుంటున్నాను.

ఆ తరువాత మౌంట్ రోడ్డు పక్కనున్న రిచీ స్ట్రీట్‌లో ఒక చిన్న దుకాణానికి వెళ్లాను. దుకాణదారుడు డిస్కును చెవి దగ్గర పెట్టుకుని విని, బోర్డు పోయిందనీ, రెండు వేలకు అయిపోతుందనీ చెప్పి, రెండు రోజుల తరువాత ‘ముడియాదు సార్’ (కుదరదు సార్) అని చేతిలో పెట్టాడు. ఇంటికి వచ్చి చూస్తే మూత అంచున ఉండే చిన్న సీలు చిరిగి ఉంది. దుమ్ము లేని గదిలో తప్ప తెరవకూడని వస్తువును ఫ్యాను కింద తెరిచి చూసి మళ్లీ బిగించాడన్నమాట. అడిగితే అది ముందే అలా ఉందన్నాడు. వీధిని తప్పుపట్టను, కేబుళ్లు, కార్డు రీడర్లు అక్కడే కొంటాను. కానీ టిక్ టిక్ మంటున్న డిస్కును అక్కడ ఎవరి చేతికీ ఇవ్వకండి.

చివరికి ఫొటోలు వెనక్కి తీసే పని మాత్రమే చేసే ఒక సంస్థకు చేరాను. పరీక్షకు పదిహేను వందలు తీసుకున్నారు, రశీదు ఇచ్చారు, హెడ్లు పోయాయనీ, అదే మోడల్ డిస్కు ఇంకొకటి సంపాదించి దాని హెడ్లు బిగించాలనీ నాలుగో రోజున చెప్పారు. సరేనన్నాను. ఇంతవరకు డబ్బు తప్ప వేరే బాధ లేదు.

పన్నెండో రోజున ఫోన్ చేసి, హెడ్లు బిగించామని, ఫైళ్ల పట్టిక చదవగలిగామని, కానీ పళ్లెం మీద గీత ఉంది కాబట్టి కొత్త హెడ్లు కూడా ఎన్ని గంటలు బతుకుతాయో చెప్పలేమని అన్నారు. ముఖ్యమైన ఫోల్డర్లు ఏవో వచ్చి చెబితే వాటిని ముందుగా తీస్తామన్నారు. నేను మా మామయ్యను వెంట తీసుకెళ్లాను. ఆయన పెరంబూరులోని రైలు పెట్టెల కర్మాగారంలో ఉద్యోగం చేసి, 2017లో రిటైరై నెల్లూరులో స్థిరపడ్డారు. తమిళం తమిళుల కంటే గట్టిగా మాట్లాడతారు కాబట్టి బేరానికి పనికొస్తారనుకున్నాను.

ముందు హాలులో కుర్చీలన్నీ నిండి ఉన్నాయి. కౌంటరు దగ్గరి అమ్మాయి తన కంప్యూటరు తెర వైపు చూస్తూ, మా డిస్కులోని ఫోల్డర్ల పేర్లు నంబర్లు వేసి పైకి చదవడం మొదలుపెట్టింది. న్యూ ఫోల్డర్. న్యూ ఫోల్డర్ 2. న్యూ ఫోల్డర్ 3. ఇలా ఇరవై ఏడు వరకు. ఆ పైన లేటెస్ట్, లేటెస్ట్ 2, ఫైనల్ కొత్తది, డంప్, తర్వాత చూడాలి, తర్వాత చూడాలి 2. ‘ఇందులో మీకు ఏది ముందు కావాలి సార్?’ అని అడిగింది. నాకు తెలియదు. నిజంగా తెలియదు. పదకొండేళ్లు నేను తీసిన ఫొటోలలో మా నాన్నగారి చివరి సంక్రాంతి ఏ న్యూ ఫోల్డరులో ఉందో, మా అమ్మాయి అన్నప్రాసన ఏ లేటెస్టులో ఉందో చెప్పలేక, పక్క కుర్చీలో కూర్చున్న పెద్దమనిషి నా వైపు జాలిగా చూస్తుండగా, నోరు తెరుచుకుని నిలబడ్డాను.

ఫైళ్ల పేర్లు చూసి చెప్పవచ్చు కదా అనిపిస్తుంది. కెమెరా నంబర్లు 9999 దాటగానే మళ్లీ 0001 దగ్గర మొదలవుతాయి కాబట్టి, ఒకే పేరుతో ఐదారేసి ఫైళ్లు నా డిస్కులో ఉన్నాయి. తేదీ చూసి చెప్పవచ్చు కదా అని ఆ అమ్మాయే దారి చూపింది. బ్యాటరీ తీసి నెలల తరబడి బీరువాలో ఉంచినప్పుడు కెమెరా గడియారం మొదటికి వెళ్లిపోతుంది. తిరిగి తీసిన ప్రతిసారీ తేదీ సరిచేయమని అది అడుగుతుంటే నేను విసుగ్గా దాటవేసేవాడిని. అందువల్ల సగం ఫొటోలు కొత్త కెమెరాలో ఉండే తొలి జనవరి 1వ తేదీనే పుట్టినట్టు నమోదయ్యాయి. లోపలి ఫొటో తెరిచి చూస్తే తెలుస్తుంది, కానీ తెరవడానికి ముందు దాన్ని చదవాలి, ఆ చదివే ఓపిక హెడ్డుకు ఉందో లేదో అన్నదే అసలు ప్రశ్న.

ఆఖరికి మా ఆవిడకు ఫోన్ చేశాను. మామయ్య షష్టిపూర్తి 2017 మే నెల రెండో ఆదివారమనీ, ఆ రోజు నువ్వు కెమెరా కొత్త బ్యాటరీ కొన్నావు కాబట్టి తేదీ సరిగానే ఉండి ఉంటుందనీ వంట చేస్తూనే చెప్పింది. ఆ తేదీతో వెతికితే అది న్యూ ఫోల్డర్ 14లో దొరికింది. అన్నప్రాసన తేదీ, నాన్నగారి సంక్రాంతి సంవత్సరం కూడా ఆమే చెప్పింది. ఫొటోగ్రాఫర్ నేను, జ్ఞాపకం ఆమెది.

అప్పుడు కౌంటరు దగ్గరి అమ్మాయి, ‘ఇంకొకటి పేరుతో ఉంది సార్’ అని, ఇంగ్లీషు అక్షరాలలో ఉన్నదాన్ని కూడబలుక్కుని, ‘మా-మ-య్య గో-ల’ అని చదివింది. అర్థం తెలియని ఆమె మొహంలో ఏ మార్పూ లేదు. అర్థం తెలిసిన మనిషి నా పక్కనే ఉన్నాడు.

ఆ ఫోల్డరు కథ ఇది. ఒక జనవరిలో పులికాట్‌లో రాజహంసల కోసం నడుములోతు నీళ్లలో నిశ్శబ్దం పాటిస్తూ పడవలో వెళ్తుంటే, వెంట వచ్చిన మామయ్య పడవవాడితో చేపల ధర మీద పెద్ద గొంతుతో వాదన పెట్టుకున్నారు. రాజహంసలన్నీ లేచిపోయాయి. తరువాత మిగిలిన రోజంతా ఆయనకే ఫొటోలు తీయమన్నారు: చుక్కానితో ఒకటి, చేపతో ఒకటి, పడవవాడి భుజం మీద చేయి వేసి ఇంకొకటి. మొత్తం 212. ఇంటికి వచ్చి కోపంలో ఆ పేరు పెట్టాను. అన్ని వేల ఫొటోలలో నేను శ్రద్ధగా పేరు పెట్టిన ఫోల్డరు అదొక్కటే.

మామయ్య కాసేపు తెర వైపే చూసి, ‘ఏందయ్యా, నా గోలంతా దాచిపెట్టినావా?’ అన్నారు. నేను ఏదో గొణిగాను. ఆయన అమ్మాయి వైపు తిరిగి, హాలంతా వినిపించేలా, ‘అద ఫస్టు ఎడుంగమ్మా’ (దాన్నే ముందు తీయమ్మా) అన్నారు. ఆమె దానికి ఒకటో నంబరు వేసింది. కాదనే ధైర్యం నాకు లేదు. షష్టిపూర్తి రెండు, అన్నప్రాసన మూడు, నాన్నగారి సంక్రాంతి నాలుగు.

పదహారో రోజుకు హెడ్లు ఆగిపోయాయి. 1.4 టీబీలో 1.1 టీబీ వచ్చింది. షష్టిపూర్తి ఫొటోలలో మూడింట ఒక వంతు పోయాయి. కొన్ని సగం వరకు బాగుండి ఆ కింద బూడిదరంగు పట్టీగా మిగిలాయి. సంక్రాంతి పూర్తిగా వచ్చింది. నేలపట్టు గూడబాతు ‘రా’ ఫైలు, అంటే కెమెరా నేరుగా రాసే అసలు ఫైలు, పోయింది. మా అపార్టుమెంటు సంఘం క్యాలెండరులో అక్టోబరు పేజీకి ఎక్కి, ముగ్గురు నన్ను లిఫ్టులో ఆపి మెచ్చుకున్న ఫొటో అది. ఇప్పుడు ఆ క్యాలెండరు కాగితమే మిగిలింది. మామయ్య గోల 212కి 212 వచ్చాయి.

ఇక నేను మార్చుకున్నవి. మూడు ప్రతులు, రెండు రకాల నిల్వ, ఒకటి ఇంటికి దూరంగా అన్న లెక్కను ప్రచారంలోకి తెచ్చినది పీటర్ క్రోగ్ అనే అమెరికన్ ఫొటోగ్రాఫరే. మనలాంటివాడి బాధ మనలాంటివాడికే తెలుస్తుంది. లాప్‌టాప్‌కు పెద్ద ఎస్‌ఎస్‌డీ (తిరిగే పళ్లెం లేని డిస్కు) వేయించి ఒక ప్రతి అందులో, వేర్వేరు కంపెనీల హార్డ్ డిస్కులు రెండింటిలో తలా ఒకటి ఉంచాను. పోర్టబుల్ డిస్కులన్నీ కూడా ఎస్‌ఎస్‌డీలే కొనమని దుకాణంవాళ్లు ఒత్తిడి చేస్తారు. అవి పడినా తట్టుకుంటాయి, కానీ చెరిపిన ఫొటోను వాటి నుంచి వెనక్కి తేవడం దాదాపు అసాధ్యం, కరెంటు ఇవ్వకుండా ఏళ్ల తరబడి బీరువాలో పడేయడానికి అవి తగవు. క్లౌడులో ఇంటివాళ్ల ఫొటోలు మాత్రమే పెడుతున్నాను. గూగుల్ ఉచితంగా ఇచ్చేది 15 జీబీ; 2021 జూన్ నుంచి తగ్గించిన సైజు ఫొటోలు కూడా ఆ లెక్కలోకే వస్తున్నాయి. పైగా మా ఇంటి 40 ఎంబీపీఎస్ అప్‌లోడుతో 1.4 టీబీ ఎక్కించాలంటే మూడు రోజులకు పైగా ఆగకుండా నడవాలి.

దూరం ప్రతి గురించి నవ్వకండి. 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను నీళ్లు మా వీధిలో నిలిచినప్పుడు కింది ఇంటివాళ్ల కంప్యూటరు, దాని పక్కనే ఉన్న డిస్కు రెండూ ఒకే గంటలో మునిగాయి.

కార్డుల సంగతి ఒక మాట. ఒక పెద్ద కార్డుకు బదులు రెండు 64 జీబీ కార్డులు కొనండి, కొనగానే హెచ్‌2టెస్ట్‌డబ్ల్యూ అనే ఉచిత ప్రోగ్రాముతో నిండా రాయించి చూడండి. 64 అని అచ్చేసి అందులో సగమైనా నిలవని నకిలీలు మార్కెట్టులో ఉన్నాయి. కార్డులో ఫొటోలు పొరపాటున చెరిపేస్తే మాత్రం ఎవరికీ డబ్బు కట్టకండి. కార్డును వాడటం ఆపేసి, ఫొటోరెక్ అనే ఉచిత సాధనంతో వేరే డిస్కులోకి తీసుకోండి. పేర్లు పోయి ఎఫ్ అక్షరం పక్కన పెద్ద అంకెలతో వస్తాయి, కానీ ఫొటోలు వస్తాయి. లెన్సులను తోలు సంచిలో పెట్టి బీరువాలో దాచకండి. అలా దాచినందుకే నా 50 ఎంఎం లెన్సులో సాలెగూడులా బూజు పట్టింది. ఇప్పుడు తేమ 45 శాతం దగ్గర నిలిపే చిన్న ఎలక్ట్రిక్ పెట్టె కొన్నాను.

అన్నిటికంటే ముందు, ఫోల్డరు పేరు. సంవత్సరం, నెల, తేదీ, ఆ తరువాత ఊరు, మనిషి. సంవత్సరం ముందు ఉంటే అవి వాటంతట అవే కాలక్రమంలో నిలబడతాయి. కెమెరా తేదీ అడిగితే అప్పుడే సరిచేస్తున్నాను. నిన్న రాత్రి రెండు గంటల వరకు కూర్చుని ఇరవై ఏడు న్యూ ఫోల్డర్లకూ పేర్లు పెట్టాను; తెలియనివి మా ఆవిడను నిద్ర లేపి అడిగాను.

మూడో ప్రతి ఉన్న డిస్కును ఈ ఉదయం మామయ్య నెల్లూరు తీసుకెళ్లారు. ఇంటి పట్టాలు దాచే ఇనుప బీరువాలో అది ఉంటుంది. ఇచ్చేముందు అన్నీ తెరుచుకుంటున్నాయో లేదో ఆయన ఎదుటే పది ఫొటోలు తెరిచి చూపించాను. ఆయన కళ్లజోడు సవరించుకుని జాబితా అంతా పైనుంచి కిందికి చదివి, ‘నా గోల ఏమైందయ్యా?’ అన్నారు. తొలగించిన మాటను ఆయన ముందే తిరిగి చేర్చాను. ఇప్పుడు ఆ ఫోల్డరు పేరు 2019-01-20-పులికాట్-మామయ్య-గోల.