పసుపు డిస్కు, కుంకుమ డిస్కు: బావ ఆఫీసు బ్యాకప్ ఎంతవరకు వచ్చిందంటే

మే, రెండో ఆదివారం

ముందు నా తప్పు ఒప్పుకుని మొదలుపెడతా. తెనాలిలో మా బావది చిన్న ట్యాక్స్ ప్రాక్టీస్. కింద మెడికల్ షాపు, పైన రెండు గదులు, నాలుగు సిస్టమ్స్, ఒక స్కానర్, ముగ్గురు స్టాఫ్. హైదరాబాద్ నుంచి అక్కా వాళ్లింటికి వెళ్లినప్పుడల్లా ఆ సిస్టమ్స్‌లో ఏదో ఒకటి కెలకడం నాకు సరదా, బావకి టెన్షన్. మూడేళ్ల కిందట వాళ్లకి ఒక బ్యాచ్ ఫైల్ రాసిచ్చాను. సాయంత్రం డెస్క్‌టాప్ మీద డబుల్ క్లిక్ చేస్తే టాలీ (లెక్కల సాఫ్ట్‌వేర్) డేటా, క్లయింట్ల ఫోల్డర్లు ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోకి కాపీ అయిపోతాయి. అకౌంట్స్ చూసే అమ్మాయి మూడేళ్లుగా ఒక్క రోజు మానకుండా ఆ పని చేసింది.

ఈసారి ఊరికే, డిస్కులోంచి ఒక క్లయింట్ లెక్కలు వెనక్కి తెచ్చి చూద్దాం అనిపించింది. తెరిస్తే అన్నీ రెండేళ్ల కిందటి ఎంట్రీలే. సంగతేంటంటే మధ్యలో సిస్టమ్ స్లోగా ఉందంటే కొత్త ఎస్ఎస్‌డీ (వేగంగా పనిచేసే డిస్కు) వేసి, టాలీ డేటాని డీ డ్రైవ్‌కి మార్చింది నేనే. బ్యాచ్ ఫైల్లో దారి మాత్రం మార్చలేదు. అది పాపం రోజూ సీ డ్రైవ్‌లో మిగిలిన పాత ఫోల్డర్నే శ్రద్ధగా కాపీ చేస్తూ కూర్చుంది. టాలీలో కంపెనీ ఫోల్డర్లకు క్లయింట్ పేర్లు ఉండవు, అంకెలే ఉంటాయి కాబట్టి చూసినా ఎవరికీ తేడా తెలియదు. పైగా "కాపీ పూర్తయింది" అని ఆకుపచ్చ అక్షరాల్లో చూపించే ముచ్చట కూడా నేనే పెట్టాను.

బావకి చెప్తే కాసేపు ఏమీ అనలేదు. తర్వాత "ఏరా, రెండేళ్లు దేవుడి మీద భారం వేసి నడిపామన్నమాట" అన్నాడు. అదే డిస్కుని, డిస్కుల ఆరోగ్యం చూపించే క్రిస్టల్‌డిస్క్‌ఇన్ఫోలో చూస్తే పసుపు రంగులో హెచ్చరిక, పాడైన సెక్టార్లు పెరుగుతున్నాయి. ఇక ఇది సరిగ్గా చేసి తీరాలి అనుకున్నా.

మే, చివరి వారం (హైదరాబాద్ నుంచి)

మొత్తం డేటా 140 జీబీ. అందులో టాలీది ఆరు జీబీయే, మిగతాదంతా స్కాన్లు, పీడీఎఫ్‌లు, బ్యాంక్ స్టేట్‌మెంట్లు. ఎన్నాళ్లు దాచాలి అని బావని అడిగితే వేళ్ల మీద చెప్పాడు: జీఎస్టీ రికార్డులు వార్షిక రిటర్ను గడువు తేదీ నుంచి 72 నెలలు, కంపెనీల లెక్కల పుస్తకాలు ఎనిమిది ఆర్థిక సంవత్సరాలు. ఇంకో మాట కూడా చెప్పాడు, అది నాకు కొత్త. 2022 ఆగస్టులో వచ్చిన సవరణ ప్రకారం, కంప్యూటర్లో లెక్కలు పెట్టే కంపెనీలు వాటి బ్యాకప్‌ని రోజూ భారత్‌లో ఉన్న సర్వర్లో ఉంచాలి. బావ క్లయింట్లలో ప్రైవేట్ లిమిటెడ్ వాళ్లు ఐదారుగురు ఉన్నారు. దాంతో చవగ్గా ఉందని నేను చూసి పెట్టుకున్న ఒక విదేశీ క్లౌడ్ అక్కడే పక్కకు పోయింది.

"అంతా గూగుల్ డ్రైవ్‌లో పడేస్తే పోలా అన్నా" అన్నాడు ఆఫీసు కుర్రాడు. ఉచితంగా ఇచ్చేది 15 జీబీ, అదీ జీమెయిల్‌తో, ఫోటోలతో పంచుకోవాలి, అది అలా ఉంచితే అసలు ఇబ్బంది వేరు. అది సింక్. ఇక్కడ ఫైలు పోతే అక్కడా పోతుంది, ట్రాష్‌లో 30 రోజులు ఉంటుంది, ఆ తర్వాత గోవిందా. ఏప్రిల్లో ఎవరో పొరపాటున డిలీట్ చేసిన ఫైలు సెప్టెంబర్లో ఆడిట్ హడావుడి మొదలైతే గానీ ఎవరికీ గుర్తు రాదు. దొంగలు పడ్డ ఆర్నెల్లకి కుక్కలు మొరిగినట్టే. కాబట్టి నాకు కావాల్సింది పాత తేదీలకు వెనక్కి వెళ్లగలిగే బ్యాకప్.

రెండు డిస్కుల నాస్ పెట్టె (ఆఫీసు నెట్‌వర్క్‌కి తగిలించే స్టోరేజీ) ఒకటి కొనేద్దామని కూడా చాలా ఊగాను (నిజం చెప్పాలంటే అది నా కోరిక, ఆఫీసు అవసరం కాదు). రెయిడ్ వన్ (ఒకే డేటా రెండు డిస్కుల్లోనూ రాసే పద్ధతి) పెడితే ఒక డిస్కు చచ్చినా ఇంకోటి నడుస్తుంది, బాగానే ఉంది. కానీ తప్పు ఫైలు రాస్తే రెండు డిస్కుల్లోనూ అదే తప్పు క్షణంలో పడుతుంది. ఆ డబ్బులతో రెండు పోర్టబుల్ డిస్కులు, ఒక కొత్త యూపీఎస్ వస్తాయి.

చివరికి పాతదే అయినా 3-2-1 లెక్కకే వచ్చాను. మూడు కాపీలు, రెండు రకాల చోట్ల, ఒకటి ఊరి బయట. ఊరి బయట అని ఎందుకు పట్టుబట్టానంటే, 2024 సెప్టెంబర్లో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ వైపు ఇళ్లు, షాపులు నీళ్లలో ఉన్న రోజులు బావకి బాగా గుర్తు. సిస్టమ్, బ్యాకప్ డిస్కు ఒకే చోట ఉంటే రెండూ ఒకేసారి పోతాయి.

జూన్, 21 తర్వాత

జీఎస్టీ నెలవారీ రిటర్నుల గడువులు 11న జీఎస్టీఆర్-1, 20న 3బీ. ఆ తేదీలు దాటే దాకా సిస్టమ్స్ మీద చెయ్యి వెయ్యొద్దని బావ ఆర్డర్. 21న రాత్రి బస్సెక్కా.

నా దగ్గర ఊరికే పడి ఉన్న రాస్ప్‌బెర్రీ పై 4 అనే అరచేతిలో పట్టే కంప్యూటర్‌కి 2 టీబీ పోర్టబుల్ డిస్కు తగిలించి బ్యాకప్ సర్వర్ చేశాను. సాఫ్ట్‌వేర్ రెస్టిక్. ఉచితం, డేటాని తనే తాళం వేసి దాస్తుంది, మారిన ముక్కలు మాత్రమే మళ్లీ పంపుతుంది. దీని సర్వర్‌ని "చేర్చడమే తప్ప చెరపడం లేదు" అనే పద్ధతిలో నడపొచ్చు. అంటే ఆఫీసు సిస్టమ్ కొత్త బ్యాకప్ పంపగలదు గానీ పాతవాటిని తుడవలేదు. రాన్సమ్‌వేర్ (ఫైళ్లకి తాళం వేసి డబ్బులడిగే వైరస్) భయానికి నాకు తెలిసిన మంచి మందు ఇదే. 2017 మేలో వనాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు సిస్టమ్‌కి తగిలించి ఉన్న డిస్కుల్లో ఫైళ్లకి కూడా తాళాలు పడ్డాయి. మా ఎక్స్‌టర్నల్ డిస్కు మూడేళ్లుగా యూఎస్‌బీకి అంటుకునే ఉంది మరి.

మొదటి రోజే రాస్ప్‌బెర్రీ అరగంటకోసారి ఆగిపోయింది. లాగ్ చూస్తే వోల్టేజీ చాలడం లేదని వరసగా మెసేజ్‌లు. నేను పెట్టింది ఇంట్లో మిగిలిన ఫోన్ చార్జర్. దాని అసలు అడాప్టర్, 5.1 వోల్టులు 3 ఆంపియర్లది, పెట్టాక ఆ గోల పోయింది. డిస్కు కూడా రాస్ప్‌బెర్రీ నుంచే కరెంటు లాగుతుంది కాబట్టి ఒక్కటే తగిలించా. రెండోది కావాలంటే విడిగా కరెంటు ఉన్న హబ్ ఉండాలి.

తర్వాత స్పీడు. మొదటి కాపీ 140 జీబీ గంటా గంటన్నరలో అయిపోతుందనుకుంటే మూడున్నర గంటలు పట్టింది. సెకనుకి 11 ఎంబీ దగ్గర గీత గీసినట్టు ఆగిపోతోంది, అంటే ఎక్కడో 100 మెగాబిట్ లింకు ఉందన్నమాట. స్విచ్ కొత్తదే. కేబుల్ చివర కత్తిరించి చూస్తే కనెక్షన్ ఇచ్చినాయన ఎనిమిది తీగల్లో నాలుగే క్రింప్ చేశాడు. వందకి నాలుగు చాలు, గిగాబిట్‌కి ఎనిమిదీ కావాలి. కొత్త కనెక్టర్ పెట్టి ఎనిమిదీ కూర్చోబెట్టాను. ఇరవై రూపాయల పని.

జూన్, ఆఖరి ఆదివారం

రాత్రి 9:30కి ఆటోమేటిగ్గా అయ్యేలా టాస్క్ షెడ్యూలర్లో పెట్టి వచ్చాను. వారం తర్వాత ఫోన్లోంచి చూస్తే ఒక్కటీ జరగలేదు. ఎందుకంటే ఎనిమిదింటికి వెళ్లేటప్పుడు వాళ్లు మెయిన్ ఆఫ్ చేసి తాళం వేస్తారు! సిస్టమ్సూ పోతాయి, రాస్ప్‌బెర్రీ కూడా పోతుంది. షార్ట్ సర్క్యూట్ భయం, బావ చిన్నప్పటి నుంచి ఉన్న అలవాటు, వాదించి లాభం లేదు. ఎలక్ట్రీషియన్‌ని పిలిచి రౌటర్‌కీ రాస్ప్‌బెర్రీకీ మాత్రం విడి లైను వేయించాం, దానికో యూపీఎస్. బ్యాకప్ టైము మధ్యాహ్నం 1:30కి, అంటే భోజనాల వేళకి మార్చాను. భోజనానికి లేచేముందు టాలీ మూసెయ్యాలి అన్నది ఒక్కటే వాళ్ల పని. మర్చిపోయినా విండోస్ షాడో కాపీ (వాడుకలో ఉన్న ఫైళ్లకి ఆ క్షణంలో తీసే నకలు) నుంచి తీసుకునేలా రెస్టిక్‌లో ఆప్షన్ పెట్టా, దానికి టాస్క్‌ని అడ్మిన్ హక్కులతో నడపాలి. ఆ టైముకి కరెంటు లేకపోతే వచ్చాక నడిచేలా "షెడ్యూల్ తప్పితే వీలైనంత త్వరగా" అనే టిక్కు కూడా పెట్టుకోండి, మామూలుగా అది ఆఫ్‌లో ఉంటుంది.

జూలై

ఏమీ చెయ్యలేదు. రిటర్నుల సీజను. ఫోన్ చేస్తే అక్క కూడా "ఇప్పుడొద్దురా" అంది.

ఆగస్టు, రెండో శనివారం

ఇంకో రెండు పోర్టబుల్ డిస్కులు కొన్నాం. ప్రతి శనివారం సాయంత్రం ఒకటి ఆఫీసు సిస్టమ్‌కి తగిలిస్తారు, వారం కాపీ పడగానే తీసేసి బావ స్కూటర్ డిక్కీలో ఇంటికి తీసుకెళ్తాడు, రెండోది ఆఫీసుకి వస్తుంది. గుర్తుకి ఒకదానికి పసుపు టేపు, ఇంకోదానికి ఎర్ర టేపు అంటించాను. ఆఫీసులో వాటి పేర్లు పసుపు డిస్కు, కుంకుమ డిస్కు అయిపోయాయి. "సార్, ఈ వారం కుంకుమ" అంటుంది ఆ అమ్మాయి. నేను పెట్టిన ఏ-బీ పేర్లు ఎవరూ పలకలేదు.

ఈ డిస్కులకి మొదట విండోస్‌లోనే ఉండే కాపీ కమాండ్ రోబోకాపీ వాడాను, అద్దంలా ఉంచే మిర్రర్ ఆప్షన్‌తో. ట్రయల్ చేస్తుంటే డ్రైవ్ అక్షరం మారిపోయి సోర్సు ఖాళీ ఫోల్డర్ అయింది. అది బుద్ధిగా ఇటువైపు కూడా మొత్తం ఖాళీ చేసేసింది, అద్దం కదా. నా ట్రయల్ డేటా కాబట్టి సరిపోయింది. మిర్రర్ అన్న మాట ఉన్న దేన్నీ ఇక ఆ ఆఫీసులో వాడను. వీటిలో కూడా రెస్టిక్కే, ఆటోలో పోగొట్టుకున్నా పాస్‌వర్డ్ లేకుండా ఎవరూ తెరవలేరు. క్లయింట్ల పాన్, ఆధార్, బ్యాంకు కాగితాలు అందులో ఉన్నాయి మరి. ఆ పాస్‌వర్డ్ పోతే మనమూ తెరవలేం, అందుకని కాగితం మీద రాసి కవర్లో పెట్టి అక్క బీరువాలో నగల పక్కన దాచాం. రెండో కాగితం నా దగ్గర.

ఆగస్టు, చివర

ఊరి బయటి కాపీ మా ఇంట్లో పాత డెస్క్‌టాప్‌లో. ఆఫీసు నెట్‌లో అప్‌లోడ్ 10 మెగాబిట్లు, అంటే గంటకి నాలుగున్నర జీబీ, 140 జీబీకి 31 గంటలు. అంతసేపు ఎందుకని మొదటి కాపీ డిస్కులో వేసుకుని బ్యాగులో పెట్టుకుని రైలెక్కాను. ఇప్పుడు రోజుకి పెరిగేది మూడు నాలుగు వందల ఎంబీ, రాత్రి ఐదారు నిమిషాల్లో వచ్చేస్తుంది. రెండు వైపులా నెట్ కనెక్షన్లకి పబ్లిక్ ఐపీ (బయటి నుంచి నేరుగా చేరే అడ్రసు) లేదు, వాటి మధ్య దారికి టెయిల్‌స్కేల్ అనే ప్రైవేట్ నెట్‌వర్క్ సర్వీసు వాడాను. రౌటర్లో పోర్టులు తెరిచే పని తప్పింది, అదే పెద్ద నిశ్చింత.

పాతవి ఎన్ని ఉంచాలన్నది ఇలా పెట్టా: రోజువి 14, వారానివి 8, నెలవి 84. ఏడేళ్లు అన్నమాట, జీఎస్టీ 72 నెలల లెక్క అందులో ఇముడుతుంది. కంపెనీల ఎనిమిదేళ్ల లెక్కకి మార్చి నెలాఖరు కాపీలకు విడిగా గుర్తు పెట్టి, తుడవొద్దని ఉంచాను. తుడిచే పని సర్వర్లోనే నెలకోసారి జరుగుతుంది, ఆఫీసు సిస్టమ్స్‌కి ఆ హక్కు లేదు.

ఆకుపచ్చ అక్షరాలు తీసేశాను. బ్యాకప్ అయ్యాక హెల్త్‌చెక్స్ అనే సర్వీసుకి ఒక పలకరింపు వెళ్తుంది. 26 గంటల్లో పలకరింపు రాకపోతే నాకు, బావకి మెయిల్. ఆదివారాలు కూడా మెయిల్ వచ్చి బావ విసుక్కున్నాడు, ఆఫీసు సెలవని సర్దాను.

సెప్టెంబర్, మొదటి ఆదివారం

అసలు పరీక్ష. ఖాళీ ల్యాప్‌టాప్ ఒకటి పట్టుకెళ్లి, బావతో "మీ సిస్టమ్ ఇవాళ కాలిపోయిందనుకోండి" అన్నా. "శుభం పలకరా" అన్నాడు. రాస్ప్‌బెర్రీ నుంచి మొత్తం రీస్టోర్‌కి గంటా పది నిమిషాలు, టాలీ మళ్లీ ఇన్‌స్టాల్ చేసి డేటా దారి చూపించడానికి ఇంకో నలభై నిమిషాలు. క్లయింట్‌ని నేను ఎంచుకోలేదు, ఆ అమ్మాయినే ఎంచుకోమన్నా. ఒక రైస్ మిల్లు లెక్కలు తెరిచి, ముందురోజు తను వేసిన ఆఖరి వోచర్ ఉందో లేదో చూసింది. ఉంది. తర్వాత మే నెలాఖరు నిల్వ ఎంతని అడిగి, కాగితం మీద రాసుకున్నదానితో పోల్చుకుంది. నా ముఖం వైపు చూడకుండానే "సరిపోయింది" అంది. ఇకనుంచి నెలకోసారి ఇలా ఒక క్లయింట్‌ని తీసి చూసే పని తనే చేస్తానంది, కాలెండర్లో 22వ తేదీ చుట్టూ గీసుకుంది.

ఇక మిగిలింది బావ ఫోన్. నిన్న చూస్తే వాట్సాప్‌లో క్లయింట్లు పంపిన పీడీఎఫ్‌లు, బిల్లుల ఫోటోలు 38 జీబీ ఉన్నాయి, వాటిలో సగం ఎప్పుడూ సిస్టమ్‌లోకి ఎక్కలేదు. "అవన్నీ నాకు గుర్తుంటాయిలే" అంటున్నాడు. దసరా సెలవుల్లో ఆ ఫోన్ సంగతి చూడాలి, ముందు అక్కతో చెప్పించాలి.