చట్టంతో కట్టిన ఊరు: సియెనా

ఇటలీలోని ఫ్లారెన్స్ నుంచి సియెనాకు రైలూ ఉంది, బస్సూ ఉంది. రైల్వే స్టేషను కొండ అడుగున ఉండడం వల్ల అక్కడ దిగినవారు ఎస్కలేటర్ల వరుస ఎక్కి పైకి చేరాలి. బస్సు మాత్రం టస్కనీ ద్రాక్షతోటల పక్కగా గంటంబావు సాగి, పాత ఊరి అంచునే దింపుతుంది. మేము బస్సునే ఎంచుకున్నాము. పురపాలక శాఖలో ఇంజనీరుగా పనిచేసి పదవీ విరమణ చేసినవాణ్ణి కావడం వల్ల, ఏ ఊరు వెళ్ళినా నా చూపు గోపురాల కంటే ముందు మురుగు కాలువల మీద పడుతుందని నా శ్రీమతి వేళాకోళం చేస్తూ ఉంటుంది. సియెనాలో ఆ అలవాటే నాకు కలిసివచ్చింది.

ఊరు మూడు కొండగట్ల మీద పరుచుకుని ఉంది. ఆ మూడూ కలిసే పల్లంలో ఉన్న పెద్ద కూడలి పేరు పియాజ్జా దెల్ కాంపో. ఇరుకు సందులోంచి నాలుగు మెట్లు దిగి ఒక్కసారిగా ఆ ఎర్ర ఇటుకల మైదానంలోకి వచ్చినప్పుడు ఎవరైనా ముందు దాని విశాలతకు ఆశ్చర్యపోతారు. నేను మాత్రం దాని వాలును చూసి ఆగిపోయాను. నేల చేట ఆకారంలో ఉంటుంది. అంచులు ఎత్తుగా, ఒక వైపు పల్లంగా ఉండి, చినుకు ఎక్కడ పడినా పురపాలక భవనం ముందున్న ఒక్క తూముకే చేరుతుంది. చేపముల్లు వరసలో పేర్చిన ఇటుకల నేలను తెల్లరాతి గీతలు తొమ్మిది భాగాలుగా విడదీస్తాయి. 1287 నుంచి 1355 వరకు ఈ నగరాన్ని పాలించిన తొమ్మిదిమంది సభ్యుల మండలికి అది గుర్తు.

ఆ మండలి గురించి కొంత చెప్పాలి. సభ్యులు ఎక్కువగా వర్తకులు, వడ్డీ వ్యాపారులు. పెద్ద ప్రభు వంశాలవారికి అందులో చోటు లేదు. పదవీకాలం రెండు నెలలే, ఆ రెండు నెలలూ వారు ఇల్లూ వ్యాపారమూ వదిలి పురపాలక భవనంలోనే నివసించాలి. కాంపో వైపు తెరుచుకునే కిటికీలన్నింటికీ మధ్యలో సన్నని స్తంభాలు ఉండాలనీ, ఎవరూ కూడలి మీదికి వసారాలు పొడిగించరాదనీ 1297లోనే శాసనం వచ్చింది. చుట్టూ ఉన్న భవనాలు ఇప్పటికీ ఒకే కుటుంబంలోని మనుషుల్లా కనిపించడం వెనుక ఉన్నది ఏ ఒక్క శిల్పి ప్రతిభో కాదు, ఆ నిబంధన. అంతేకాదు, 1309–10 సంవత్సరాలలో నగర చట్టాలన్నింటినీ లాటిన్ నుంచి ప్రజల భాషలోకి మార్చి, లాటిన్ రాని పేదవారు సైతం చదువుకోగలిగేలా పెద్ద అక్షరాలతో రాయించారు. ముప్ఫై ఏళ్ళు ప్లాను అతిక్రమణల ఫైళ్ళతో గడిపిన నాకు ఈ సంగతి చదివినప్పుడు కలిగినది అసూయ అనే చెప్పాలి.

పురపాలక భవనమైన పలాజ్జో పుబ్లికోలో ఇప్పుడు మ్యూజియం ఉంది. సియెనాలో ఒక్కటే చూసే సమయం ఉన్నవారికి నేను చెప్పేది ఇక్కడికే వెళ్ళమని. ఆ తొమ్మిదిమంది సమావేశమయ్యే గదికి మూడు గోడల నిండా అంబ్రోజో లోరెంజెత్తి 1338–39లో మంచి పాలన, చెడు పాలన, వాటి ఫలితాలు చిత్రించాడు. ఆ కాలంలో చిత్రకారులకు పని దొరికేది ప్రధానంగా చర్చిల నుంచి. ఇక్కడ మాత్రం గోడల మీద ఉన్నది ఊరూ, ఊరి పనులూ.

కిటికీకి ఎదురుగా ఉన్న గోడ మీద న్యాయదేవత త్రాసు పళ్ళేలను సరితూస్తూ కూర్చుంటుంది. త్రాసు పళ్ళేల నుంచి రెండు తాళ్ళు కిందికి దిగి, అక్కడ కూర్చున్న ఐకమత్యం అనే స్త్రీ చేతిలో ఒకటవుతాయి. ఆమె ఒడిలో వడ్రంగి చిత్రిక ఉంది. ఎగుడుదిగుళ్ళను సమం చేయడానికన్నమాట. ఆ తాడును 24 మంది పౌరులు చేతి నుంచి చేతికి అందించుకుంటూ, ఊరి రంగులైన నలుపు తెలుపు దుస్తులు ధరించి ఎత్తున కూర్చున్న పెద్దమనిషి దాకా తీసుకుపోతారు. శాంతి దేవత పక్కనే కవచాల మీద ఆనుకుని తీరిగ్గా వాలి ఉంటుంది. కుడివైపు గోడ మీదకు తిరిగితే ఊరు కనిపిస్తుంది. చెప్పులు అమ్మే దుకాణం, పాఠం చెబుతున్న పంతులు, వీధిలో నాట్యం చేస్తున్నవారు, పరంజా మీద నిలబడి కొత్త ఇల్లు కడుతున్న మేస్త్రీలు, ప్రాకారం దాటాక దుక్కి, కోత, నూర్పిడి. ఒక రైతు నడుముకు తెల్ల పట్టీ ఉన్న నల్ల పందిని తోలుకుంటూ ఊళ్ళోకి వస్తాడు. అదే జాతి పందిని ఇప్పటికీ ఈ ప్రాంతంలో పెంచుతున్నారు, మాంసం దుకాణాల అద్దాలలో దాని పేరు గర్వంగా రాసి ఉంటుంది. ఊరి ద్వారం మీద రెక్కలతో ఎగురుతున్న భద్రత అనే స్త్రీ ఒక చేత్తో పత్రాన్నీ, మరో చేత్తో ఉరికొయ్యనూ పట్టుకుని ఉంటుంది, కొయ్యకు ఒక మనిషి వేలాడుతూ ఉంటాడు. మంచి పాలన అంటే మెత్తని పాలన అని చిత్రకారుడు భ్రమపడలేదు.

చెడు పాలనను చూపే ఎదుటి గోడ బాగా దెబ్బతిన్నది. కొమ్ములున్న నిరంకుశుడు, అతని కాళ్ళ దగ్గర కట్టిపడేసిన న్యాయదేవత, పాడుబడిన ఇళ్ళు. ఆ ఊళ్ళో పని జరుగుతున్న దుకాణం ఒక్కటే, ఆయుధాలు చేసేవాడిది. చాలాసేపు చూశాక నా శ్రీమతి, “ఏవండీ, ఇలాంటి బొమ్మ మీ కౌన్సిల్ హాలులో పెట్టి ఉంటే సగం గొడవలు తగ్గేవేమో” అంది. తగ్గేవని నేననుకోను, ఇక్కడ కూడా ఆ గోడల మధ్య కూర్చున్నవారే 1355లో తిరుగుబాటుతో పదవులు పోగొట్టుకున్నారు.

అంతకు ముందే 1348లో ప్లేగు వచ్చింది. లోరెంజెత్తి కూడా ఆ ఏడే పోయాడని చెబుతారు. అన్యోలో ది తూరా అనే ఊరి చరిత్రకారుడు తన ఐదుగురు పిల్లలను తన చేతులతోనే పూడ్చానని రాసిపెట్టాడు. ఆ దెబ్బ ఎంతటిదో కంటితో చూడాలంటే ఊరి ప్రధాన చర్చి అయిన కథెడ్రల్ దగ్గరికి వెళ్ళాలి. అప్పటికే ఉన్న కథెడ్రల్ చాలదని, దాన్ని అడ్డభాగంగా మార్చి, దానికి నిలువుగా కొత్తదాన్ని కట్టాలని 1339లో నిర్ణయించారు. పూర్తయి ఉంటే క్రైస్తవ ప్రపంచంలోని అతి పెద్ద కట్టడాలలో ఒకటయ్యేది. ప్లేగుతో పనివారూ డబ్బూ కరువయ్యారు. కట్టినంతలోనూ నిర్మాణ లోపాలు బయటపడడంతో 1357లో ఆశ వదులుకున్నారు. ఇప్పుడు మిగిలినది వెనుక కట్టడమేమీ లేకుండా ఒంటరిగా నిలిచిన ముఖద్వారపు గోడ, పక్కన కొన్ని తోరణాలు; ప్రధాన శాలగా మారవలసిన చోట వాహనాలు ఆగుతున్నాయి. కథెడ్రల్ మ్యూజియంలోంచి ఇరుకైన మెలిమెట్లు ఎక్కి ఆ గోడ మీదికి పోవచ్చు. పురపాలక భవనం గోపురం ఎక్కాలంటే దాదాపు 400 మెట్లు, ఒకసారికి కొద్దిమందినే అనుమతిస్తారు గనుక క్యూ కూడా. మోకాళ్ళ నొప్పులున్నవారికి ఈ గోడే మేలు.

పాత కథెడ్రల్ లోపల నలుపు తెలుపు పాలరాతి పట్టీల స్తంభాలు కంటికి కాస్త ఎక్కువే అనిపిస్తాయి. నికోలా పిసానో 1260లలో చెక్కిన ఉపదేశ వేదికను అందరూ మెచ్చుకుంటారు, మెచ్చుకోవలసినదే. కానీ అసలు సంపద కాళ్ళ కింద ఉంది. నేల మీద 56 పాలరాతి చిత్రఫలకాలు ఉన్నాయి, వీటిని పూర్తిచేయడానికి శతాబ్దాలు పట్టింది. అరిగిపోకుండా ఏడాదిలో ఎక్కువ కాలం కప్పి ఉంచి, వేసవిలోనూ శరదృతువు మొదట్లోనూ కొన్ని వారాలు మాత్రమే పూర్తిగా తెరుస్తారు. మేము సెప్టెంబరులో వెళ్ళడానికి కారణం అదే. పక్కనున్న పిక్కోలోమిని గ్రంథాలయంలో పింతురిక్కియో వేసిన కుడ్యచిత్రాలు నిన్న వేసినట్టు మెరుస్తున్నాయి. పోప్ రెండవ పయస్ జీవితం అక్కడి కథ. ఆయన జ్ఞాపకార్థం దాన్ని కట్టించిన మేనల్లుడు కూడా 1503లో మూడవ పయస్ పేరుతో పోప్ అయ్యాడు, 26 రోజులకే కన్నుమూశాడు.

ఇక నీటి విషయం. సియెనాకు నది లేదు. నేల అడుగున డయానా అనే నది ఉందని నమ్మి తవ్వుతూ పోయారని ఫ్లారెన్స్ వారు ఎగతాళి చేసేవారు. ఆ నది దొరకలేదు గానీ, ఇసుకరాతిని చేతులతో తొలిచి సుమారు 25 కిలోమీటర్ల సొరంగాలు తయారుచేశారు. వాన నీరు రాతిలోంచి ఊరి, సన్నని వాలు మీదుగా ఊరి చెలమలకు చేరుతుంది. పంపు లేదు, యంత్రం లేదు, వాలే ఆధారం. 1340లలో ఈ నీరు కాంపో ఎగువ అంచుకు కూడా చేరింది. అక్కడి ఫోంతె గాయా అనే నీటి తొట్టికి యాకొపో దెల్లా క్వెర్చా 1419 నాటికి పూర్తి చేసిన శిల్పాల అసలు ప్రతులు ఇప్పుడు కథెడ్రల్ ఎదుటి సాంతా మరియా దెల్లా స్కాలా అనే పాత ఆసుపత్రి భవనంలో ఉన్నాయి, కూడలిలో ఉన్నవి 19వ శతాబ్దపు నకళ్ళు.

నాకు మాత్రం ఫోంతె గాయా కంటే కొండ కింది ఫోంతెబ్రాందా నచ్చింది. ఇటుక తోరణాల కింద లోతైన తొట్టి, పైన రాతి సింహాల తలలు. మొదటి తొట్టి తాగునీటికి, దాని నుంచి పొర్లినది పశువులకు, ఆ తర్వాతది బట్టలుతకడానికి, చివరికి చర్మకారులకూ మరలకూ. ఒకే నీరు నాలుగు పనులు చేసి మరీ ఊరు దాటేది. రంగులద్దేవారు కూడా నీటి కోసం ఈ పేటలోనే స్థిరపడ్డారు. అలాంటి రంగులద్దే కుటుంబంలోనే 1347లో సెయింట్ కేథరిన్ పుట్టింది. ఆమె ఇల్లు ఇప్పుడు ప్రార్థనాస్థలం. ఎగువన సాన్ దొమెనికో చర్చిలో ఆమె శిరస్సును భద్రపరిచారు, దేహం రోములో ఉంది. నా శ్రీమతి అక్కడ నిలబడినంతసేపు మరెక్కడా నిలబడలేదు.

భోజనం గురించి శాకాహారులకు ఒక మాట. పీచి అనే, చేత్తో పొడవుగా పేనిన లావుపాటి పాస్తా వెల్లుల్లి, టమాటా పులుసుతో దొరుకుతుంది. టస్కనీ రొట్టెలో ఉప్పు వేయరు, అది వంటవాడి పొరపాటు కాదు. బాదం, చక్కెర పాకం పట్టిన పండ్ల తొనలు, తేనె, దాల్చినచెక్క కలిపి గట్టిగా కాల్చే పాన్‌ఫోర్తె చిన్న ముక్క చాలు, అంతకు మించితే దవడలు నొప్పి పుడతాయి.

ఊళ్ళో తిరుగుతున్నప్పుడు గోడల మీద నత్త, పెద్దబాతు, గొంగళిపురుగు, తాబేలు బొమ్మలున్న చిన్న పలకలు కనిపిస్తాయి. ఊరు 17 పేటలుగా విడిపోయి ఉంది, ఆ పలకలు వాటి సరిహద్దులు. 1729లో నిర్ణయించిన హద్దులే నేటికీ చెల్లుతున్నాయి. ప్రతి పేటకూ సొంత చర్చి, జెండా, మ్యూజియం ఉన్నాయి. జూలై 2న, ఆగస్టు 16న కాంపో చుట్టూ మట్టి పరిచి జరిపే పాలియో గుర్రపు పందెంలో పది పేటలు పాల్గొంటాయి. జీను లేని గుర్రాలపై మూడు చుట్లు, మొత్తం ఒకటిన్నర నిమిషానికి మించదు. గెలిచేది గుర్రమే గనుక రౌతు కింద పడినా పరవాలేదు. శరత్కాలంలో జరిగే విజయ విందులో ఆ గుర్రానికే పెద్దపీట వేస్తారు. మేము వెళ్ళినప్పుడు పందేలు అయిపోయాయి, సందుల్లో కుర్రవాళ్ళు డప్పులు సాధన చేస్తున్నారు. మలుపులలో గోడలకు పరుపులు కట్టినా గుర్రాలు గాయపడుతూనే ఉంటాయని, అందుకే అక్కడివారిలోనూ విమర్శకులున్నారని విని, నా శ్రీమతి తాను రానని తేల్చి చెప్పింది. కూడలి మధ్యలో నిలబడి చూడడానికి టికెట్టు లేదట. నాకు పందెం మీద కంటే, అంత మట్టిని ఇటుక నేల మీద పరిచి, గిట్టలు జారకుండా కుదించి, పండుగ ముగిశాక తూము మూసుకుపోకుండా తిరిగి ఎత్తివేసే పని మీదే ఆసక్తి. అది చూడడానికైనా ఒక ఆగస్టులో మళ్ళీ వెళ్ళాలని ఉంది.