ఆరుగురి ఇంటికి మోటర్‌హోమ్ కొన్నాం, నా అనుభవం

మేము ఉండేది ఇంగ్లండ్‌లో నాటింగ్‌హామ్ దగ్గర. మా ఆయన, నేను, తొమ్మిదేళ్ల బాబు, ఐదేళ్ల పాప. రెండేళ్లకోసారి ఖమ్మం నుంచి అత్తమ్మ, మామయ్య విజిటర్ వీసా మీద వచ్చి నాలుగైదు నెలలు ఉండి వెళ్తారు. 2022 వేసవిలో వాళ్లని స్కాట్లండ్ తీసుకెళ్లాం, మూడు రాత్రులకి మూడు హోటళ్లు, ప్రతిచోటా రెండేసి రూములు, మామయ్యకి షుగర్ కాబట్టి టైముకి కడుపులో ఏదో ఒకటి పడాలి, అక్కడేమో రాత్రి ఎనిమిదిన్నర అయితే కిచెన్ మూసేశాం అంటారు. గ్లెన్‌కో దగ్గర వానలో కారు ఆపుకుని డబ్బాలో పెరుగన్నం తింటుంటే పక్కన ఒక మోటర్‌హోమ్, అంటే లోపలే మంచాలు, కిచెన్ ఉన్న ఇల్లులాంటి బండి, వచ్చి ఆగింది, లోపల ఒక పెద్దావిడ స్టవ్ వెలిగించి టీ పెడుతోంది. అత్తమ్మ కారు అద్దంలోంచి దాన్నే చూస్తూ "ఇట్లాంటిది ఉంటే నేనే వండేదాన్ని కదమ్మా" అన్నారు. ఆ మాట నా మనసులో ఉండిపోయింది.

అక్కడి నుంచి కొనేవరకు దాదాపు పది నెలలు పట్టింది. మొదటిసారి కొనేవాళ్లకి ఉపయోగపడుతుందని మొత్తం రాస్తున్నా, కొంచెం పొడుగు అవుతుంది.

ముందు ఒకసారి అద్దెకి తీసుకోండి. మేము అక్టోబర్ సెలవుల్లో నలుగురం నాలుగు రాత్రులకి ఒకటి తీసుకుని పీక్ డిస్ట్రిక్ట్ వెళ్లాం. డబ్బులు దండగ అనిపించింది గానీ ఆ నాలుగు రోజుల్లో తెలిసినవి ఏ వీడియోలోనూ తెలియలేదు. ఉదాహరణకి పిల్లల పడక టేబుల్ దించి సీట్లు జరిపి చేసేది అయితే, వాళ్లు పడుకున్నాక పెద్దవాళ్లకి కూర్చునే చోటే ఉండదు, ఎనిమిదింటికల్లా మనం కూడా చీకట్లో మంచం మీదే. పొద్దున మళ్లీ పరుపులు తీసి టేబుల్ ఎత్తితే గానీ టిఫిన్ లేదు. రెండోది ఎత్తు. బండి ఎత్తు దాదాపు మూడు మీటర్లు, ఇక్కడ చాలా కార్ పార్కింగుల ముందు రెండు మీటర్ల దగ్గర అడ్డకమ్మీ ఉంటుంది, అది చూసుకోకుండా లోపలికి తిప్పితే వెనకాల కార్ల వరస, రివర్స్ తీయడానికి చెమటలు పడతాయి.

2023 ఫిబ్రవరిలో బర్మింగ్‌హామ్‌లో ఎన్ఈసీ అనే ఎగ్జిబిషన్ సెంటర్‌లో మోటర్‌హోమ్‌ల పెద్ద షో ఉంటే వెళ్లాం. అక్కడ ఒక బండి చూసి నాకు మనసు పోయింది, ఆరు పడకలు, ఆరు సీట్‌బెల్టులు, డ్రైవర్ క్యాబిన్ మీద లూటన్ అంటారు కదా ఆ అటక మంచం, వెనకాల బంక్ బెడ్లు. అక్కడి నుంచే మామయ్యకి వీడియో కాల్ చేసి తిప్పి తిప్పి చూపించాను. మామయ్య ఖమ్మం మిర్చి యార్డులో ముప్పై ఏళ్లు కమీషన్ వ్యాపారం చేశారు. సోఫా, కిచెన్ అన్నీ చూసి ఆయన అడిగింది ఒక్కటే, "అమ్మా, అది ఖాళీగా ఎంత తూగుతది, నిండితే ఎంత మోస్తది?"

మేము అసలు అది చూడనే లేదు. మొత్తం కొనుగోలు ఆ ప్రశ్న మీదే తిరిగింది, అందుకే దీని గురించి వివరంగా చెప్తాను.

ఇక్కడ 1997 జనవరి 1 నుంచి కార్ టెస్ట్ పాసైన వాళ్లు 3,500 కిలోల డీజిల్, పెట్రోల్ బండి వరకే నడపొచ్చు. అంతకుముందు పాసైన వాళ్లకి 7,500 వరకు ఉంది. మనలాగా ఈమధ్య వచ్చి ఇక్కడ టెస్ట్ రాసినవాళ్లందరూ 3,500 లోపే అన్నమాట, దాటాలంటే సీ1 అని వేరే లైసెన్స్, దానికి మెడికల్, థియరీ, ప్రాక్టికల్ అన్నీ మళ్లీ. ఈ 3,500 అనేది బండి, మనుషులు, నీళ్లు, బట్టలు, బియ్యం అన్నీ కలిపి. బ్రోషర్లో "మాస్ ఇన్ రన్నింగ్ ఆర్డర్" అని ఇంకో అంకె ఉంటుంది, అందులో డ్రైవర్ 75 కిలోలు, డీజిల్, గ్యాస్, కొంత నీళ్లు కలిపేస్తారు, నీళ్లు ఎంత కలిపారన్నది ఒక్కో కంపెనీ ఒక్కోలా లెక్కేస్తుంది కాబట్టి అడగండి. 3,500 లోంచి ఆ అంకె తీసేస్తే మిగిలేదే మనం ఎక్కించుకోగలిగే బరువు, పేలోడ్ అంటారు.

నాకు నచ్చిన బండికి అది 350 కిలోలు. చాలా ఎక్కువ అనుకున్నాం. ఆ రాత్రి కిచెన్ టేబుల్ దగ్గర కూర్చుని రాశాం, డ్రైవర్ కాకుండా నేను 61, అత్తమ్మ 64, మామయ్య 72, బాబు 31, పాప 18, అంటే 246. పిల్లల బూస్టర్ సీట్లు 8. బయటికి లాగే గుడారం పందిరి, ఆవనింగ్ అంటారు, అది 30. మడత టేబుల్, ఆరు కుర్చీలు 20. కరెంటు వైరు, చక్రాల కింద పెట్టే ర్యాంపులు, నీళ్ల పైపు 12. అక్కడికే 316. ఇంకా ఒక్క దుప్పటి కూడా ఎక్కలేదు, మిగిలింది 34 కిలోలు, ఆరుగురి బట్టలు, పరుపు బట్టలు, కుక్కర్లు, బియ్యం, పప్పులు, మామయ్య మందుల డబ్బా అన్నీ అందులోనే. కుదరదు. ఓవర్‌లోడ్‌తో పట్టుకుంటే ఫైన్ ఒక ఎత్తు, బ్రేకులు పడకపోవడం ఇంకో ఎత్తు, పైగా యాక్సిడెంట్ అయితే ఇన్సూరెన్స్ దగ్గర ఇబ్బంది.

మా ఆయన సీ1 రాస్తానన్నారు, నేను ఆరుగురం ఒకే బండిలో వెళ్లాల్సిందే అని పట్టుబట్టాను, రెండు వారాలు ఇదే చర్చ. చివరికి దారి చూపించింది కూడా మామయ్యే, "రాత్రికి అందరం ఒక్కచోట పడుకుంటే చాలు గదా, పగలు ఒక్క బండిలో ఎందుకు?" అన్నారు. నిజమే కదా. వాళ్లు వచ్చేది రెండేళ్లకోసారి, అప్పుడు మాత్రం మా ఆయన పిల్లలతో మోటర్‌హోమ్‌లో, నేను అత్తమ్మ మామయ్యలతో వెనకాల కారులో, సామాన్లు సగం కారు డిక్కీలో. అప్పుడు పడకలు ఆరు కావాలి, బెల్టులు నాలుగు చాలు. ఇంకో లాభం, క్యాంపింగ్ సైటులో మోటర్‌హోమ్ పెట్టేసి ఊళ్లోకి కారులో వెళ్లొచ్చు.

బెల్టుల సంగతి కూడా జాగ్రత్త. "సిక్స్ బెర్త్" అంటే ఆరుగురు పడుకోవచ్చు అని మాత్రమే, ఆరుగురు ప్రయాణం చేయొచ్చని కాదు. పాత బండ్లలో పక్కకి తిరిగి ఉండే సోఫా సీట్లు ఉంటాయి, వాటి మీద పిల్లల సీట్ పెట్టకూడదు. కొన్నిటికి నడుము బెల్టు మాత్రమే ఉంటుంది, భుజం మీదుగా వచ్చే బెల్టు లేకపోతే బూస్టర్ వాడకూడదు. ఇక్కడ పన్నెండేళ్లు లేదా 135 సెంటీమీటర్లు, ఏది ముందొస్తే అంతవరకు చైల్డ్ సీట్ తప్పనిసరి. బండి చూడ్డానికి వెళ్లేటప్పుడు మీ పిల్లల సీట్లు పట్టుకెళ్లి అక్కడే బిగించి చూడండి. మేము అలాగే చేశాం, ఒక బండిలో మా పాప సీటు అసలు నిలబడలేదు.

పడకలు కూడా పడుకునే చూడాలి, షూస్ విప్పి, అందరూ. మామయ్య రాత్రి రెండు మూడుసార్లు లేస్తారు, కాబట్టి వాళ్లకి వెనకాల ఎప్పుడూ వేసే ఉండే మంచం, పక్కనే బాత్రూమ్, ఇది నాకు అన్నిటికన్నా ముఖ్యం. ఫ్రెంచ్ బెడ్ అని గోడకి ఆనించిన మంచం ఉంటుంది, అందులో గోడవైపు పడుకున్నవాళ్లు రెండోవాళ్ల మీద నుంచి దాటి దిగాలి, అందుకే మామయ్యని బయటివైపు అనుకున్నాం. పైన అటక మంచం బాబుకి, నేను పక్కన. ఐదేళ్ల పాపని పైన పడుకోబెట్టడం నాకు ఇష్టం లేదు, ఆరేళ్లలోపు పిల్లలకి పై బంక్ వద్దని ఇక్కడ చెప్తారు కూడా. పాపా, వాళ్ల నాన్నా కింద టేబుల్ దించి వేసే మంచం మీద.

ఇప్పుడు తేమ. డ్యాంప్ అంటారు ఇక్కడ. సెకండ్ హ్యాండ్ మోటర్‌హోమ్‌ని చంపేది ఇంజిన్ కాదు, నీళ్లే. మేము దాదాపు కొనేసిన మొదటి బండి 2012ది, ఒక డీలర్ దగ్గర, బయటికి అద్దంలా మెరుస్తోంది. లోపలికి వెళ్తే ఘాటైన ఎయిర్ ఫ్రెష్‌నర్ వాసన. నేను వెనక కిటికీ కింద మూల బొటనవేలితో నొక్కితే గోడ మెత్తగా లోపలికి పోయింది, డీలర్ అది వాల్ పేపర్ ఊడింది అంతే అన్నాడు. 500 పౌండ్లు అడ్వాన్స్ ఇచ్చాం కానీ రసీదు మీద తేమ రిపోర్ట్ బాగుంటేనే కొంటాం, లేకపోతే డబ్బు వాపసు అని రాయించుకున్నాం. మేమే ఒక ఇంజినీర్‌ని పెట్టి మీటర్‌తో చెక్ చేయిస్తే ఆ మూలలో 28 శాతం. 15 లోపుంటే నిశ్చింత, 20 దాటితే రిపేర్ చూడాలి, 30 దాటితే లోపల చెక్క కుళ్లిపోయి ఉండొచ్చు. డబ్బులు వాపసు తెచ్చుకుని వచ్చేశాం, ఆ ఒక్క లైను రాయించుకోకపోతే ఆ 500 పోయేవి. మీరు కూడా మూలలు, కిటికీల కింద, పైకప్పు కిటికీ చుట్టూ, అలమరాల లోపల, మంచం కింద చేయి పెట్టి చూడండి, నేల మీద నడుస్తుంటే ఎక్కడైనా దిగినట్టు ఉంటే వదిలేయండి. హ్యాబిటేషన్ చెక్ అని ఏటా ఇంటి భాగానికి చేయించే చెకప్ ఉంటుంది, గ్యాస్, కరెంటు, నీళ్లు, తేమ అన్నీ చూస్తారు, ఆ కాగితాలు లేని బండి నేనైతే కొనను.

మేలో మాకు దొరికింది 2015 బండి, ఫియట్ డుకాటో మీద కట్టినది, రిటైరైన దంపతులది. ఎనిమిదేళ్ల బిల్లులు ఫైల్లో వరసగా పెట్టుకున్నారు, ప్రతి ఏడాదీ తేమ రిపోర్ట్, టైమింగ్ బెల్టు మార్చిన బిల్లు కూడా. పేలోడ్ 420. అయితే ప్రైవేట్‌గా కొంటే డీలర్ దగ్గర ఉన్న హక్కులు ఉండవు, డీలర్ అయితే పెద్ద లోపం బయటపడితే 30 రోజుల్లోపు వాపస్ ఇచ్చేయొచ్చు. అందుకే ఇక్కడ కూడా ఇంజినీర్‌ని పెట్టాం, లోన్ బాకీ ఉందేమో హెచ్‌పీఐ చెక్ చేయించాం, ఎంఓటీ, అంటే ఏటా చేసే బండి ఫిట్‌నెస్ టెస్ట్, దాని హిస్టరీ గవర్నమెంట్ వెబ్‌సైట్‌లో ఫ్రీగా చూశాం, లాగ్‌బుక్‌లో (బండి రిజిస్ట్రేషన్ కాగితం) ఉన్న అడ్రస్‌లోనే ఇంటికెళ్లి బండి చూశాం. టైర్ల మీద ట్రెడ్ గీతలు అరగకుండా బాగానే ఉన్నాయి కానీ పక్కన నాలుగంకెలు 2314 అని ఉంది, అంటే 2014లో 23వ వారం తయారైనవి. ఎండకీ నిలిపి ఉంచడానికీ రబ్బరు పగులుతుంది, అందుకే గీతలు చూసి మోసపోవద్దు. దాని మీద వెయ్యి పౌండ్లు తగ్గించారు, 35,500కి తీసుకున్నాం, టైర్లు నాలుగూ వెంటనే మార్పించాం.

ఇంటికి తెచ్చాక తెలిసిన సంగతి, మా కాలనీ ఇళ్ల డీడ్స్‌లో ఇంటి ముందు కారవాన్, మోటర్‌హోమ్ పెట్టకూడదని ఉంది. కొత్త ఇళ్లలో ఇది చాలా మామూలు, కొనేముందే మీ కాగితాలు తీసి చదవండి. ఇప్పుడు ఐదు మైళ్ల దూరంలో స్టోరేజ్ యార్డ్‌లో నెలకింత అని కడుతున్నాం.

వంట గురించి చెప్పకపోతే ఎట్లా. సైటులో కరెంటు పాయింట్ కొన్నిచోట్ల 6 ఆంప్స్ మాత్రమే, అంటే 1,380 వాట్లు. రైస్ కుక్కర్ 700, మిక్సీ 750, దానికి తోడు ఫ్రిజ్, వాటర్ హీటర్, అన్నీ ఒకేసారి వేస్తే ట్రిప్ అవుతుంది, ఇంట్లో వాడే మూడు వేల వాట్ల కెటిల్ అయితే చెప్పనక్కర్లేదు. పచ్చళ్లు, పొడులు ఇంటి దగ్గరే చేసుకోండి. గ్యాస్ చలికాలంలో వాడాలంటే ప్రొపేన్ తీసుకోండి, బ్యూటేన్ సున్నా డిగ్రీల దగ్గర గ్యాస్‌గా మారడం ఆగిపోతుంది. తాలింపు లోపల పెట్టొద్దు, ఆ వాసన సీట్ల గుడ్డలో వారం ఉంటుంది, ఆవనింగ్ కింద గాలి ఆడేచోట ఒక సింగిల్ బర్నర్ పెట్టుకోండి. కార్బన్ మోనాక్సైడ్ అలారం మాత్రం కొని మరీ పెట్టుకోండి. టాయిలెట్ క్యాసెట్, అంటే కింద మురుగు పడే డబ్బా, ఇరవై లీటర్ల లోపే పడుతుంది, మగ్గుతో కడుక్కునే మనకి ఇంకా తొందరగా నిండుతుంది, ఆరుగురికి రోజూ ఖాళీ చేయాల్సిందే, ఆ పని ఎవరిదో బయల్దేరేముందే మాట్లాడుకోండి.

ఈసారి ఏడాదికే, జూన్‌లో అత్తమ్మ, మామయ్య వచ్చారు. మొదటి ట్రిప్‌కి బయల్దేరేముందు మామయ్య కాటాకి తీసుకెళ్లమన్నారు. లారీలు తూకం వేసే పబ్లిక్ కాటాలు ఇక్కడ కూడా ఉన్నాయి, కొన్ని పౌండ్లే. మొత్తం 3,370 వచ్చింది. హమ్మయ్య అనుకుంటుంటే మామయ్య ముందు ఇరుసు, వెనక ఇరుసు విడివిడిగా తూయించమన్నారు, వెనకది 1,950, బండికి అతికించిన బరువుల ప్లేట్ మీద దాని లిమిట్ 2,000. వెనక డిక్కీలో ఉన్న కుర్చీలు, నీళ్ల క్యాన్లు, బియ్యం బస్తా అన్నీ దింపించి కారులో వేయించారు. మళ్లీ తూస్తే 1,880. స్లిప్ మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నారు.

సాయంత్రానికి విట్‌బీ దగ్గర సైటుకి చేరాం. గాలి బాగా వీస్తోంది, అత్తమ్మ ఆవనింగ్ కింద కుర్చీ అడ్డం పెట్టుకుని పప్పుకి తాలింపు వేశారు. ఏడున్నరకల్లా మామయ్య భోజనం అయిపోయింది.