బ్రాకెట్లలో ఒకటి

న్యూరెంబర్గ్ ఆఫీసులో నా పక్క సీటాయన రిటైర్మెంటుకు దగ్గర్లో ఉన్నారు. నాకు అప్పగించిన డ్రైవర్ (హార్డ్‌వేర్‌ని నడిపే ప్రోగ్రాం) రాసింది ఆయనే, నేను గుంటూరులో స్కూలుకు వెళ్లే రోజుల్లో. ఇక్కడ అందరూ పేరు పెట్టే పిలుచుకుంటారు. నాకు మాత్రం ఆయన పేరు తలచుకుంటేనే వెనక ‘గారు’ వచ్చి చేరుతుంది. అలాంటి పెద్దాయన కోడ్‌ని మార్చాలంటే టెన్షన్‌గానే ఉండింది.

అందులో ఒక ప్యాకెట్ స్ట్రక్చర్, అంటే కొన్ని ఫీల్డులను మెమరీలో వరుసగా పేర్చిన అమరిక. పొడవుకు రెండు బైట్లు, రకానికి రెండు, చివర డేటా[1], అంటే ఒక్క బైటుకే చోటున్న అరే (ఒకే రకం విలువల వరుస). నిజానికి డేటా ఎంతైనా రావచ్చు. చివరి అరేకి ఖాళీ బ్రాకెట్లు పెట్టే వీలు సీ భాషలో 1999 ప్రమాణంతోనే వచ్చింది. అంతకుముందు అలవాటు పడినవాళ్లు ఒకటి రాసేవారు, జీసీసీ అనే కంపైలర్ (కోడ్‌ని మెషీన్ భాషలోకి మార్చే ప్రోగ్రాం) వాడేవాళ్లు సున్నా. దీనివల్ల స్ట్రక్చర్ చివర నిజంగానే పదహారు అని రాసిన అరేని కూడా కంపైలర్ ఎంతైనా పెరుగుతుందనుకుని హద్దు చూడకుండా వదిలేసేది. ఒకింటి గేటు ఎప్పుడూ తీసే ఉంటుందని వీధిలో ఏ గేటూ చూడని వాచ్‌మన్‌లాగా. జీసీసీ 13, మరో కంపైలర్ క్లాంగ్ 16లలో దీనికి కఠినమైన ఆప్షన్ వచ్చింది. 2023లో లినక్స్ కెర్నల్ (ఆ ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) 6.5 దాన్ని అంతటా ఆన్ చేసింది. ఇక ఖాళీ బ్రాకెట్లు ఉంటేనే ఆ మినహాయింపు.

అందుకే ఆ ‘1’ తీసేశాను. మర్నాడు పొద్దున చూస్తే, రాత్రి టెస్టుల్లో కేసాన్ (కెర్నల్‌లో మెమరీ తప్పులు పట్టే సాధనం) ఎర్రర్: హద్దు దాటి ఒక బైటు.

కాగితం మీద లెక్క వేశాను. పాత స్ట్రక్చర్ ఐదు బైట్లు, సర్దుబాటు కోసం కంపైలర్ చేర్చే ఖాళీ (ప్యాడింగ్)తో ఆరు. మెమరీ అడిగేచోట ‘సైజాఫ్ మైనస్ ఒకటి ప్లస్ పొడవు’ అని ఉంది. సైజాఫ్ అంటే స్ట్రక్చర్ మొత్తం సైజు. అంటే ఇన్నేళ్లూ ఒక బైటు ఎక్కువే తీసుకుంటూ వచ్చాం. నా మార్పుతో సైజాఫ్ నాలుగైంది, వేరే ఫైల్లో ఉన్న మైనస్ ఒకటి అలాగే ఉండిపోయింది. ఇప్పుడు ఒక బైటు తక్కువ. అది చూసుకోకపోవడం నా తప్పే.

ఆయనకు కాగితం చూపించాను. “ఆ మైనస్ ఒకటి సంగతి నాకే గుర్తు లేదు” అంటూ కుర్చీ దగ్గరికి లాక్కున్నారు. ఇద్దరం స్ట్రక్చర్ల అమరిక చూపించే పహోల్ అనే సాధనంతో పాత, కొత్త ఆఫ్‌సెట్లు (ఏ ఫీల్డు ఎన్నో బైటులో మొదలవుతుందో) పోల్చాం. సైజాఫ్ వాడిన ప్రతిచోటూ వెతికితే అలాంటివే ఇంకో రెండు దొరికాయి. చేత్తో వేసిన లెక్కలన్నీ తీసేసి, ఆ లెక్క తనే వేసే కెర్నల్ మ్యాక్రో స్ట్రక్ట్_సైజ్ పెట్టాం. పొడవు మరీ పెద్దదై లెక్క పొంగినా అది చిన్న సంఖ్యగా మారిపోదు, గరిష్ఠం దగ్గరే ఆగుతుంది. అంత మెమరీ దొరకదు కాబట్టి పని అక్కడే ఆగిపోతుంది.

తర్వాత డేటాకి ‘కౌంటెడ్ బై’ అని పొడవు ఫీల్డుని జత చేశాం, అంటే డేటా హద్దు ఎంతో ఆ ఫీల్డు చూసి తెలుసుకోమని కంపైలర్‌కి చెప్పాం. అలా చేసినప్పుడు ముందు పొడవు రాయాలి, ఆ తర్వాతే డేటాని ముట్టుకోవాలి. మా కోడ్‌లో వరుస తిరగబడి ఉంది. అది ఆయనే పట్టుకున్నారు.

ప్యాచ్ (మేం చేసిన కోడ్ మార్పు) కింద ఆయన పేరుతో ‘రివ్యూడ్ బై’ పడేసరికి ఆరు దాటింది. రోజూ ఐదింటికల్లా వెళ్లిపోయే మనిషి. నవంబరు చలిలో ట్రామ్ స్టాప్ దాకా కలిసి నడిచాం. పక్క ఫైల్లో ఒక యూనియన్ (ఒకే చోటును పంచుకునే ఫీల్డుల గుంపు) లోపల ఇలాంటిదే ఇంకొకటి ఉందని, అది కూడా తనే రాశానని, రేపు పొద్దున్నే కూర్చుందామని అన్నారు.